నీటి వెంట దిగిన యంత్రములు

వ్యవసాయ కార్యక్రమమునకు రైతుల మాటలు రికార్డు చేసికొనుటకై మేము ఆ మధ్య అనంతపురము సమీపమున ఒక చీనీతోటకు వెళ్ళితిమి. తోట మూలనున్న పాతబావి గట్టుపై నిలిచి చూడగా, ఒక శతాబ్ది చరిత్ర మా యెదుట వరుసగా పేర్చినట్లుండెను. గట్టుకు ఒకవైపున కపిల నాటి రెండు రాతి స్తంభములు. వాటిపై గిలక ఇరుసు తిరిగి తిరిగి అరిగిన గాడి. వాటి ప్రక్కనే కప్పు లేని చిన్న గదిలో త్రుప్పుపట్టిన ఆయిల్ ఇంజను. బావిలోనికి సగము దిగిన తరువాత రాతి అంచుపై ఒక సిమెంటు దిమ్మ; అది ఒకప్పుడు కరెంటు మోటారు కూర్చున్న చోటు. బావికి ఇరువది గజముల దూరమున నేలపై మూరెడెత్తు లేచిన కేసింగు పైపు. దానిలో నాలుగువందల అడుగుల క్రింద నేటి మోటారు నీట మునిగి పనిచేయుచున్నది.

"పెద్దాయనా, మొదటి మూడును ఎప్పుడు చెడిపోయినవి?" అని అడిగితిమి. ఆయన నవ్వి, "ఒగటి గూడా చెడిపోలేదు సార్. నీళ్ళే కిందికి పోయినాయి. వాటి ఎనకాల మేమూ దిగినాము" అనెను.

ఆ మాట మా మనస్సున నిలిచిపోయినది. నేటి ప్రసంగమునకు అదియే మూలము.

యంత్రము చెడకముందే దానిని మూలకు పడవేయవలసివచ్చుట నేడు ప్రతి గృహస్థునకు అనుభవమే. రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వాల్వు సెట్టులో ఒక వాల్వు కాలిపోయినచో దానిని మాత్రము మార్చి, మరల పాట వినుచుండిన కాలమొకటి కలదు. నేడు చేతిలోని టెలిఫోనుకు బ్యాటరీ నీరసించినచో, బాగుచేయుట కంటె క్రొత్తది కొనుటయే మేలని అంగడివాడు సలహా చెప్పును. అది చక్కగా పనిచేయుచుండినను, క్రొత్త సౌకర్యములు ఇకమీదట దీనిలో పనిచేయవని ఆ యంత్రమే మనకు నోటీసు ఇచ్చును.

ఇట్టిది కొన్నిచోట్ల బుద్ధిపూర్వకముగనే జరిగినది. 1924లో జెనీవాలో విద్యుద్దీపముల కంపెనీలు కొన్ని ఫీబస్ అను పేర ఒక కూటమిగా ఏర్పడినవి. జర్మనీకి చెందిన ఓస్రామ్, హాలెండుకు చెందిన ఫిలిప్స్ అందు ముఖ్యమైనవి. అంతకు పూర్వము 1500 మొదలు 2000 గంటల వరకు వెలుగుచుండిన బల్బు ఆయుర్దాయమును 1000 గంటలకు తగ్గించవలెనని ఆ కూటమి తీర్మానించినది. ఏ కర్మాగారపు బల్బులు గడువు మించి వెలుగుచున్నవో పరీక్షించి, ఆ యజమానులకు జరిమానా వేసెడివారు. రెండవ ప్రపంచయుద్ధముతో ఆ కూటమి చెదరిపోయినది. 1932లో, ఆర్థికమాంద్యపు రోజులలో, అమెరికాలో బెర్నార్డ్ లండన్ అను ఆయన ఒక చిన్న పుస్తకము వ్రాసి, వస్తువులన్నింటికి ప్రభుత్వమే ఆయువు నిర్ణయించవలెననియు, గడువు తీరిన వస్తువును విడువక వాడుకొనువారిపై పన్ను విధించవలెననియు సూచించెను. అప్పుడు కర్మాగారములు మరల నడచునని ఆయన వాదము. 1960లో వాన్స్ పేకార్డ్ అను రచయిత 'ది వేస్ట్ మేకర్స్' అను గ్రంథమున ఈ ధోరణిని ఎండగట్టెను.

మరి అనంతపురపు బావిగట్టున ఎవరు తీర్మానము చేసిరి? ఆ కపిలకు, ఆ ఇంజనుకు, ఆ మోటారుకు గడువు పెట్టినది ఎవరు? దీనికి సమాధానము కావలెనన్నచో మనము ఆరువందల యేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

అనంతపురపు పీఠభూమి మేఘములకు ఇరువైపుల దూరము. నైరుతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనము కోస్తా దాటి ఇంతదూరము వచ్చుసరికి బలము తగ్గిపోవును. ఏడాదికి సగటున కురియు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ వానను దాచుకొను నేల కూడ ఉదారమైనది కాదు. పైన కొద్దిపాటి మన్ను, దాని క్రింద కొన్ని పదుల అడుగుల మేర చివికిన రాయి, ఆ క్రింద గట్టి నల్లరాయి. నీరు నిలుచునది చివికిన రాతి పొరలోను, గట్టిరాతి నెర్రెలలోను మాత్రమే. కోస్తా డెల్టాల వలె ఇచ్చట భూమి అడుగున విస్తారమైన ఇసుకపొరలు లేవు. ఇది సముద్రము వంటి నిలువ కాదు. కుండలోని నీరు వంటిది.

విజయనగర రాజులనాటి పెద్దలకు ఈ సంగతి తెలియును. అనంతపురము పట్టణము పేరే ఒక చెరువు వలన వచ్చినది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 14వ శతాబ్దిలో అనంతసాగరమను చెరువును కట్టించెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి. ఆ ప్రక్కనే బుక్కరాయసముద్రము. ఆ చెరువుకట్ట నిలుచుటకై ప్రాణము నిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిన సంగతి సాహిత్యప్రియులు ఎరుగుదురు.

పొరుగున కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరరాయలు కట్టించిన చెరువది. రెండు సంవత్సరముల పాటు దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనము తెలుపుచున్నది. అంతకంటె విలువైనది మరొకటి అందు ఉన్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను అది వరుసగా పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము; చవిటినేల మరొక దోషము. నీరు తక్కువగా ఉండి, దానిపై ఆధారపడు భూమి విస్తారముగా ఉండుట కూడ ఆ ఆరింటిలో ఒకటి. ఈ చివరిదానిని పాఠకులు జ్ఞాపకమున ఉంచుకొనవలెను. మనము దీనికి మరల రావలసియున్నది.

చెరువును కట్టినవారు దానిని బాగుచేసికొను ఏర్పాటును కూడ కట్టతోపాటే చేసిరి. దశబంధమని రాయలసీమలో ఒక మాన్యముండెడిది. చెరువును, కాలువను కాపాడి మరమ్మతు చేయు బాధ్యత వహించినవారికి భూమినిచ్చి, దానిపై పన్నులో తగ్గింపు ఇచ్చెడివారు. పూడిక తీయుట, గండి పూడ్చుట, తూము సరిచూచుట ఆ మాన్యముతో ముడిపడిన విధులు. కరువు వచ్చినప్పుడు చెరువు ఎండును. ఆ ఎండిన చెరువులోనే పూడిక తీయుదురు. వాన వచ్చినప్పుడు చెరువు మరల నిండును. శతాబ్దములు గడచినను ఈ చెరువులు పాతబడి పనికిరాకుండ పోలేదు. దశబంధపు కట్టుబాట్లు సడలి, మరమ్మతు ఎవరి పనియు కాకపోయిన తరువాతనే అవి పూడిపోవుట మొదలైనది.

చెరువు క్రింద భూమి లేని రైతునకు బావియే గతి. బావిపై కపిల. తోలుతో కుట్టిన పెద్ద బాన, దాని అడుగున తొండము, రెండు మోకులు, రెండు గిలకలు, ఒక జత ఎద్దులు, అవి దిగి నడచుటకు వాలుబాట. ఎద్దులు వాలు దిగునప్పుడు బాన పైకి వచ్చును. గట్టుకు చేరగనే తొండము తనంతట తాను తెరచుకొని నీటిని కాలువలోనికి వదలును. బాన చినిగినచో తోలుపని వారు కుట్టుదురు. గిలక విరిగినచో వడ్రంగి చెక్కును. ఇరుసు అరిగినచో కమ్మరి సాగగొట్టును. యంత్రమునకు కావలసిన వైద్యులందరును ఆ ఊరిలోనే ఉండిరి.

ఆ కాలమే బంగారుకాలమని మేము చెప్పబోము. తెల్లవారకముందే లేచి ఎద్దులతోపాటు రోజంతయు వాలుబాటపై ఎక్కుచు దిగుచు నడచిన మనుష్యుని కష్టము తక్కువది కాదు. అంత శ్రమించినను తడియునది ఎకరమో రెండెకరములో. 1876-78 నాటి మహాకరువులో ఎద్దులే చచ్చిన చోట కపిలలు ఏమి తోడగలవు? కాని కపిలలో తెలియకుండ ఒక కట్టుబాటు ఇమిడియుండెను. ఎద్దు అలసినప్పుడు బావికి కూడ విశ్రాంతి దొరకెడిది. రాత్రి ఊరిన నీటిని పగలు తోడుకొనెడివారు. ఊరినదానికంటె ఎక్కువ తోడు శక్తి ఆ యంత్రమునకు లేకుండెను.

ఆ శక్తి ఇంజనుతో వచ్చినది. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు, నాటి మద్రాసు రాజధానిలో, నూనె ఇంజనుతో బావినీరు తోడు పద్ధతిని ప్రయోగించి ప్రచారము చేసెను. బావులకై ప్రభుత్వము తక్కావి ఋణములను ఇచ్చుచుండెను. అందుకు 1883, 1884 సంవత్సరముల ఋణచట్టములు ఆధారము. స్వాతంత్ర్యము తరువాత గ్రామములకు విద్యుత్తు వచ్చినది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. ఆ యేడే పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయమైనవి. కరెంటు స్తంభము పొలములోనికి వచ్చినది. మోటారుకు ఋణము ఇంటివద్దకు వచ్చినది. ఇంజనును త్రిప్పి త్రిప్పి చేతులు కాయలు కాచిన రైతునకు, ఒక మీట నొక్కగనే నీరు దుమికివచ్చుట చిన్న సంతోషము కాదు.

ఇచ్చట కొంచెము విజ్ఞానశాస్త్రము అవసరమగుచున్నది. గట్టుపై కూర్చుండిన పంపు నీటిని పీల్చునని మనము అందుము. నిజమునకు పంపు చేయునది గొట్టములోని గాలిని తీసివేయుట మాత్రమే. బావిలోని నీటిపై వాయుమండలము వేయు ఒత్తిడియే నీటిని పైకి నెట్టును. ఆ ఒత్తిడికి హద్దు కలదు. పీల్చుపంపు సుమారు 34 అడుగులకు మించి నీటిని ఎత్తలేదని ఇటలీలో గెలీలియో కాలమునాటికే తెలిసినది. 1643 ప్రాంతమున ఆయన శిష్యుడు టారిచెల్లి అందుకు కారణమును పాదరసముతో నిరూపించెను. పొలములో, పైపుల రాపిడి, ఫుట్‌వాల్వు లోపములు పోగా, ఆ హద్దు 25 అడుగుల లోపునకే దిగును.

అందుచేత బావిలో నీరు తగ్గినప్పుడు రైతు మోటారును బావిలోనికి దించవలసివచ్చినది. మనము చూచిన సిమెంటు దిమ్మ అప్పటిది. మరికొంత తగ్గినప్పుడు ఒడ్డెవారిని పిలిపించి బావిని మరికొంత లోతు చేయించినాడు. చివికిన రాతిపొర అయిపోయి గట్టిరాయి తగిలిన నాడు, మోటారు నిక్షేపముగ ఉన్నను దానికి పని లేకపోయినది. ఫీబస్ కూటమి జరిమానాలు వేసి సాధించినదానిని ఇచ్చట వాయుమండలపు ఒత్తిడి ఊరకనే సాధించినది.

తరువాత వచ్చినది బోరు. గట్టిరాతిని గాలిసుత్తితో తొలిచెడి రిగ్గులను 1967 నాటి కరువులో త్రాగునీటి కొరకు యునిసెఫ్ మన దేశమునకు తెప్పించెను. ఉద్దేశము ఉత్తమమైనది. ఆ తరువాత తమిళనాడులోని తిరుచెంగోడు బోరులారీలకు కేంద్రమై, ఆ లారీలు దక్షిణదేశమంతట తిరిగినవి. బావి తవ్వుటకు నెలలు పట్టెడిది. బోరు ఒక రాత్రిలో పూర్తియగును. ఆ సన్నని రంధ్రములో పాత పంపు పట్టదు, పట్టినను పీల్చలేదు. కావున సబ్‌మర్సిబుల్ మోటారు కావలసివచ్చినది. ఇది మొదట నీటి కొరకు పుట్టినది కాదు. తిఫ్లిస్‌లో పుట్టి అమెరికా చేరిన ఆర్మయిస్ ఆరుటునోఫ్ అను ఇంజనీరు చమురుబావుల కొరకు దానిని అభివృద్ధి చేసెను. పీల్చుటకు బదులు అది అడుగునుండి నీటిని పైకి త్రోయును. అందుచేత 34 అడుగుల హద్దు దానికి లేదు.

హద్దు తొలగినది, అదియే చిక్కు తెచ్చినది. ఒక రైతు బోరు వేసిన పిమ్మట ప్రక్కరైతు బావి ఇంకినది. అతడు బోరు వేయక తప్పలేదు. అతడు మూడువందల అడుగులు పోయినచో మొదటివాడు నాలుగువందలకు పోవలెను. పంపులో మరిన్ని స్టేజీలు, మోటారుకు మరిన్ని హార్సుపవర్లు. ముప్పది అడుగులనుండి తోడిన నీటినే మూడువందల అడుగులనుండి తోడవలెనన్నచో పదిరెట్లు శక్తి కావలెను. విద్యుత్తు వచ్చు కొద్ది గంటలలోనే అందరి మోటార్లును తిరుగుచుండుటచే వోల్టేజి పడిపోవును, వైండింగు కాలును. కపిలకు ఊరిలోనే వైద్యుడుండెను. ఈ మోటారును పైకి లాగుటకే మనుష్యులను, సామానును కుదుర్చుకొని, రీవైండింగు కొరకు పట్టణమునకు మోయవలెను.

వేరుశనగ రైతైనచో ఒక యేడు పంట పోయినను మరుసటి యేడు మరల విత్తుకొనగలడు. చీనీతోట రైతునకు ఆ వెసులుబాటు లేదు. చెట్టు కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. ఒక్క వేసవి నీరు లేకున్న ఆ యేండ్లన్నియు వ్యర్థమగును. అందుచేతనే టెంకాయను అరచేతిలో నిలిపి నీటిజాడ చెప్పువానిని పిలిచి, అప్పుచేసి, మరొక బోరు వేయించును. నీరు పడకున్నను లారీవానికి అడుగు లెక్కన సొమ్ము ఇచ్చి తీరవలెను. అదియు విఫలమైనచో ట్యాంకర్లతో నీరు తెచ్చి చెట్ల పాదులలో పోయును. వేయి అడుగులు తొలిచియు పొడిదుమ్మే చూచినవారు ఈ జిల్లాలో కలరు. రేడియో కొనువాడు 'నాకు పాత సెట్టే చాలును' అని ఊరకుండవచ్చును. బోరు రైతునకు ఆ మాట అను స్వాతంత్ర్యము లేదు.

మరి నేరము ఎవరిది? మోటారు చేసినవాడు మంచి మోటారునే చేసెను. ఋణమిచ్చిన బ్యాంకు, తీగ లాగిన విద్యుత్సంస్థ తమ పనిని తాము చేసినవి. 2004 మే నెలలో నాటి ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రకటించినప్పుడు, కరువులో కూరుకొనిన రైతునకు అది నిజముగ ఊరటయే. కాని నీరు లోతునకు పోయినకొలది పెరుగవలసిన తోడుడు ఖర్చు నెలనెల బిల్లులో కనబడుట మానినది. ఎవరును కుట్ర చేయలేదు. ప్రతివాడును తన తోటను కాపాడుకొనుటకు కొన్న యంత్రము పొరుగువాని యంత్రమును పాతసామానుగ మార్చినది. పొరుగువాని కొనుగోలు ఇతనికి అదియే చేసినది.

యంత్రముల తయారీలో దోషము లేదనుటకు మరొక సాక్ష్యము చేతిపంపు. 1970ల ద్వితీయార్ధమున మన దేశముననే రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు, ప్రతిభాగమును విప్పి మార్చుటకు వీలుగా, దేశమంతట ఒకే కొలతలతో తయారైనది. దీర్ఘకాలము నిలుచునట్లు, ఊరివారు బాగుచేసికొనునట్లు యంత్రమును చేయుట అసాధ్యము కాదని అది నిరూపించినది. అట్టి పంపు కూడ అనేక గ్రామములలో నేడు ఊరకే నిలిచియున్నది. దానికి విడిభాగములు దొరకును; నీరు మాత్రము అందదు.

దిద్దుబాటుకు ప్రయత్నములు జరుగలేదని అనరాదు. 2002లో రాష్ట్రశాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టమును చేసి, బావులను నమోదు చేయవలెననియు, క్రొత్త బోరుకు అనుమతి పొందవలెననియు నిర్దేశించినది. 2003లో సూక్ష్మసేద్య పథకము ఆరంభమై డ్రిప్పు గొట్టములు పొలములకు వచ్చినవి. డ్రిప్పు మేలైన సాధనమే. కాని మిగిలిన నీటితో మరొక రెండెకరములలో చెట్లు నాటినచో బోరుకు విశ్రాంతి ఎక్కడిది? పోరుమామిళ్ళ శాసనము చెప్పిన దోషమే మరల ఎదురగుచున్నది: నీరు స్వల్పము, భూమి విస్తారము. యంత్రము మారినంత మాత్రమున ఆ దోషము పోదు.

మాకు ఆశాజనకముగ తోచిన ప్రయత్నము మరియొకటి కలదు. 2003 నుండి కొన్ని యేండ్ల పాటు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో, అనంతపురముతో సహా ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలమును లెక్కకట్టు పథకము నడచినది. రైతులు, స్త్రీలు కూడ, వర్షమానములో వానను కొలిచిరి. బోరులో నీటిమట్టమును కొలిచిరి. ఆ లెక్కలను ఊరిలో అందరికి కనబడునట్లు వ్రాసిరి. ఈ యేడు నేలలో ఇంత నీరు కలదు, ఈ పంటలు వేసినచో ఇంత కావలెను అని రబీకి ముందు అందరు కూర్చుండి లెక్క వేసికొనిరి. ఏ పంట వేయవలెనో ఎవరును శాసింపలేదు. లెక్క ఎదుట ఉన్నప్పుడు వరి తగ్గించుకొనినవారు కలరు. ఆ పథకములో రైతు చేతికి వచ్చిన సాధనములు ఒక కొలపాత్ర, ఒక టేపు. అవి పాతబడవు; పొరుగువాని కొలపాత్ర మన కొలపాత్రను పనికిరానిదానిగ చేయజాలదు.

దశబంధము చేసిన పనియు ఇట్టిదే. ఒక్కొక్కరిని విడివిడిగ పరుగెత్తనీయక, పదిమందికి కలిపి ఒక నీటిని, ఆ నీటికి ఒక కావలిని అది ఏర్పరచినది. ఆ మాన్యములను నేడు మరల తేలేము. కపిలను తేవలెనని కోరువాడు దానిని తోలియుండడు. కాని ఊరికంతటికి ఒకే కుండ ఉన్నప్పుడు, ఎవరి గరిటె పొడవైనది అను పోటీలో అందరును ఓడుదురను వివేకమునకు కాలదోషము పట్టలేదు.

మేము సెలవు తీసికొనునప్పుడు ఆ పెద్దరైతు మాకు మరొకటి చూపెను. పొలము పైభాగమున పారు వాననీటిని ఒక చిన్న కాలువతో, ఇసుక గులకరాళ్ళ గుంట గుండ, పాతబావిలోనికి మళ్ళించియున్నాడు. "దీనివల్ల మీ బోరుకు నీరు పెరిగినదా?" అని అడిగితిమి. "నా బోరుకే వచ్చునో, పక్కాయన బోరుకు పోవునో ఎవురు జూసినారు సార్. ఎవురికి పోయినా ఈ నేలలోకే గదా" అనెను. కపిల స్తంభమునకు అప్పుడొక దూడ కట్టబడియుండెను. వంద యేండ్లుగ ఆ గట్టుపై కొన్న యంత్రములన్నియు నీటిని పైకి తెచ్చుటకే. క్రిందికి పంపుటకు ఆయనకు ఒక పార, రెండు దినముల కూలి చాలినవి.